రోగానికీ ఒక చిరునామా

(మా గ్రామీణ విలేఖరి)

విశాఖపట్నం: పెద్దాసుపత్రిలో ఓ.పి. చీటీ రాసే గుమాస్తా రోగిని మొదట పేరు అడుగుతాడు. తరువాత వయస్సు అడుగుతాడు. ఆ తరువాత ఊరు. మొదటి రెండింటికీ రోగి నిదానంగానే జవాబు చెబుతాడు. మూడవ ప్రశ్న వచ్చేసరికి వెనుక వరుసలోని జనం తోస్తుంటారు. గుమాస్తాకు తొందర, రోగికి నీరసం. 'గాజువాక' అనో 'అనకాపల్లి' అనో ఏదో ఒకటి చీటీ మీద పడిపోతుంది. బల్ల ముందు నుంచి మనిషి కదులుతాడు.

ఆ ఒక్క మాట తప్పు పడినంత మాత్రాన మందు మారదు, డాక్టరు మారడు. కాని ఆ రోగం ఏ ఊరిలో పుట్టిందో ఆ ఊరి లెక్కలోకి మాత్రం ఎక్కదు. వేరే ఊరి లెక్కలో ఎక్కుతుంది. ఇటువంటి చీటీలు వెయ్యి పోగైతే రోగం ఉన్న ఊరు శుభ్రంగా కనబడుతుంది, లేని ఊరు రోగిష్టి ఊరుగా కనబడుతుంది. మందు చల్లే మనుషులు, రక్త పరీక్షల బండ్లు, మంచినీటి పథకాలు అన్నీ ఆ లెక్కను బట్టే కదులుతాయి.

పొలం గట్టు తగాదా వస్తే సర్వేయరు వచ్చి గ్రామ నక్షా విప్పుతాడు. రోగాలకు కూడా అటువంటి నక్షా ఒకటి ఉన్నదనీ, దానిని చదవడానికి ఒక లెక్కల శాస్త్రం ఉన్నదనీ పల్లెల్లో చాలామందికి తెలియదు. అది డాక్టర్లకూ ఇంజనీర్లకూ సంబంధించిన విషయమే కాదు. మన జిల్లాలో ఆ నక్షా ప్రాణాలు కాపాడిన సందర్భాలు ఉన్నాయి, సరిగా గీయక నష్టపోయిన సందర్భాలూ ఉన్నాయి.

ఒక చేతిపంపు కథ

రోగుల ఇళ్లను పటం మీద గుర్తుపెట్టి చూసే పద్ధతికి పేరు తెచ్చినవాడు లండన్ డాక్టరు జాన్ స్నో. 1854లో ఆ నగరంలోని సోహో పేటలో కలరా విరుచుకుపడింది. పది రోజుల్లో అయిదు వందల మందికి పైగా చనిపోయారు. చెడుగాలి వల్ల కలరా వస్తుందని ఆనాటి పెద్దల నమ్మకం. స్నో ఇల్లిల్లూ తిరిగి, చావు జరిగిన ప్రతి ఇంటినీ వీధి పటం మీద గుర్తుపెట్టాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ మూగాయి.

ఆయన అంతటితో ఆగలేదు. ఆ గుంపులో ఖాళీగా ఉన్న చోట్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయని అడిగాడు. పంపు పక్కనే ఒక సారా బట్టీ ఉన్నది. అందులోని కూలీలు ఒక్కరూ చావలేదు. వారు ఆ పంపు నీరు తాగరు, బట్టీలో పోసే బీరు తాగుతారు. దగ్గరలోనే అయిదు వందల పైచిలుకు పేదలుండే అనాథాశ్రమం ఉన్నది. అక్కడ చనిపోయినది అయిదుగురే. వారికి సొంత బావి ఉన్నది. ఎక్కడో దూరాన హామ్‌స్టెడ్‌లో ఒక ముసలామె కలరాతో చనిపోయింది. విచారిస్తే, ఆమెకు బ్రాడ్ స్ట్రీట్ నీటి రుచి మీద మక్కువ అని, రోజూ బండి మీద ఆ నీరు తెప్పించుకునేదని తేలింది. సెప్టెంబరు 8న ఆ పంపు పిడిని ఊడదీయించారు. అప్పటికే రోగం కొంత తగ్గుముఖం పట్టిన మాట కూడా నిజమే. అయినా నీటి వల్ల కలరా వస్తుందన్న మాటకు ఆ పటం బలమైన సాక్ష్యం అయింది.

అంగిలి మీద మచ్చ

అటువంటి పరిశోధనకే మన తీరం కూడా ప్రపంచానికి తెలిసింది. అది గర్వపడవలసిన కారణం మాత్రం కాదు.

విశాఖ, శ్రీకాకుళం జిల్లాల సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఆడవాళ్లు చుట్ట తిరగేసి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే అలవాటు తరతరాలుగా ఉన్నది. దానినే అడ్డపొగ అంటారు. ఈ విలేఖరి మేనత్త కూడా అలాగే తాగేది. ఎందుకత్తా అని చిన్నప్పుడు అడిగితే, "సుట్ట నోట్లోకి తిప్పెట్టుకుంతే గాలికారదు నాయినా. బూడిద సీర మీద పడదు. ఏటవుద్ది?" అని నవ్వేది.

ఏమవుతుందో డాక్టర్లు ఎప్పుడో గమనించారు. నోటి కేన్సరు దేశమంతటా ఉన్నది. అయితే తమలపాకులో పొగాకు వేసుకుని నమిలే చోట అది ఎక్కువగా బుగ్గ లోపల వస్తుంది. అంగిలికి రావడం చాలా అరుదు. మన తీరం నుంచి వచ్చే రోగులకు మాత్రం అంగిలి మీదే పుండు. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ వి.ఆర్. ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి, అలవాట్ల వల్ల వచ్చే కేన్సర్లను గురించి రాసిన పత్రంలో ఈ చుట్ట కేన్సరును పేర్కొన్నారు. 1957లో డాక్టర్ డి. గోవిందరెడ్డి, డాక్టర్ వి. కామేశ్వరరావు కోస్తా ఆంధ్రలోని అంగిలి కేన్సరుకు అడ్డపొగతో ఉన్న సంబంధాన్ని వివరించారు.

ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు. రానివారి సంగతి తెలియాలి. అందుకని 1960ల్లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు, డెన్మార్క్ దేశపు ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్‌తో కలిసి ఇల్లిల్లూ తిరిగారు. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, ఆనాటి బీహారులోని దర్భంగా, సింగ్‌భూమ్, మన శ్రీకాకుళం జిల్లాలను ఎంచుకున్నారు. అయిదు జిల్లాల్లో కలిపి 50,915 మంది గ్రామస్థుల నోళ్లు తెరిపించి చూశారు. శ్రీకాకుళం జిల్లాలో చూసిన 10,169 మందిలో నూటికి 43 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. వారి అంగిలి మీద తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు ఎక్కువగా కనబడ్డాయి. ఒకే దేశంలో జిల్లా మారితే పొగాకు అలవాటు మారుతుంది, అలవాటు మారితే నోట్లో రోగం వచ్చే చోటు మారుతుంది అని ఆ సర్వే చూపించింది.

ఆ తరువాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవారికి ఏళ్ల తరబడి నచ్చజెప్పి, మళ్లీ మళ్లీ పరీక్షించారు. ఆ ఫలితాలు 1986లో వెలువడ్డాయి. మానినవారిలో, తగ్గించినవారిలో మచ్చలు తగ్గాయి. ఎక్కడ చెప్పాలో తెలిసింది కాబట్టి చెప్పగలిగారు.

ఎందరు అని కాదు, వేయికి ఎందరు

పటం మీద చుక్కలు పెట్టడం సులభం. వాటిని చదవడంలోనే తప్పులు జరుగుతాయి.

ఉదాహరణకు రెండు ఊళ్లు అనుకుందాము. అయిదు వేల జనాభా ఉన్న పల్లపు ఊళ్లో 25 మందికి మలేరియా వచ్చింది. రెండు వందల మంది ఉన్న కొండ గూడెంలో ఆరుగురికి వచ్చింది. చుక్కలు లెక్కపెడితే పల్లపు ఊరే పెద్ద రోగిష్టి. కాని వేయికి ఎందరు అని కడితే పల్లంలో అయిదుగురు, కొండ మీద ముప్పై మంది. మందు చల్లే మనుషులు ముందు ఎక్కవలసింది కొండ. మలేరియా శాఖవారు ఏటా కట్టే లెక్క ఇదే. జ్వరం రూఢి అయిన కేసులను వెయ్యితో హెచ్చించి జనాభాతో భాగిస్తారు. ఏ ఊళ్లకు మందు చల్లాలి, ఎక్కడ దోమతెరలు పంచాలి అనేది నిర్ణయించడానికి ఈ అంకే ఆధారం.

పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాలవారికి ఈ లెక్క కొత్త కాదు. దోమ వల్ల మలేరియా వస్తుందని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న కనుగొన్న సంగతి బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజుల్లో రక్త పరీక్ష అందరికీ చేయడం సాధ్యం కాదు. పిల్లల కడుపు తడిమి, ఎడమవైపు బల్ల పెరిగిన పిల్లలు నూటికి ఎందరో లెక్కించి, ఆ ఊరి మలేరియా తీవ్రతను అంచనా వేసేవారు. ఆనాడు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న జైపూరు కొండల మలేరియాను పెర్రీ అనే వైద్యుడు పరిశీలించి 1914లో పరిశోధన పత్రం ప్రచురించాడు. అంటే మన కొండల జ్వరానికి నూరేళ్లకు పైబడిన దస్తరం ఉన్నది.

దోమలకు కూడా చిరునామాలు ఉన్నాయి. ఒక రకం దోమ కొండవాగుల అంచున మెల్లగా పారే నీటిలో పెరుగుతుంది. మరొక రకం పల్లంలో గుంటలు, కాలువల నీటిలో పెరుగుతుంది. విశాఖ పట్నంలో మలేరియా తెచ్చే దోమకు వాగులు అక్కరలేదు, మేడ మీద మూతలేని నీళ్ల ట్యాంకు చాలు. ఒకే జ్వరానికి మూడు చోట్ల మూడు కారణాలు. అందుచేత కొండకు పనికివచ్చిన ఉపాయం పట్నానికి పనికిరాదు. పుదుచ్చేరిలోని కీటక నియంత్రణ పరిశోధన కేంద్రం వారు నేల ఎత్తు, వాన, వేడి, తేమ వంటి వివరాలను కలిపి తమిళనాడుకు బోదకాలు ముప్పు పటం తయారుచేశారు. రోగం రాకముందే అది ఎక్కడ నిలదొక్కుకోగలదో చెప్పడం దాని ఉద్దేశం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. రక్తపు పూతలు తీయని గూడెంలో మలేరియా ఉండదు, అయితే అది కాగితం మీదనే. పటం మీద తెల్లగా ఉన్న చోటు ఆరోగ్యంగా ఉన్న చోటే కానక్కరలేదు. ఎవరూ వెళ్లి చూడని చోటు కూడా కావచ్చు. డోలీ కట్టి రోగిని మోసుకు రావలసిన గూడేల విషయంలో ఇది మరీ నిజం.

చల్లిన విత్తనం

కాకతాళీయం అనే మరో చిక్కు ఉన్నది. నూరు మంది ఉన్న గూడెంలో ఒక్కరికి రోగం వస్తే వేయికి పది అవుతుంది. మరుసటి ఏడు ఎవరికీ రాకపోతే సున్న అవుతుంది. గూడెంలో ఏ మార్పూ లేదు. లెక్క మాత్రం ఎగిరి పడుతుంది. చిన్న ఊళ్ల అంకెలు ఇలాగే ఊగుతాయి. కనుక చిన్న ఊరిని ఒంటరిగా కాక చుట్టుపక్కల ఊళ్లతో కలిపి, నాలుగైదేళ్లు కలిపి చూడమని గణాంక శాస్త్రవేత్తలు చెబుతారు.

రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నారుమడిలో విత్తనం చేత్తో చల్లితే అంతటా సమానంగా పడదు. ఒకచోట గుత్తిగా మొలుస్తుంది, ఒకచోట బొత్తిగా మొలవదు. ఎవరూ కావాలని చేసింది కాదు. రోగాల చుక్కలు కూడా ఊరికే గుంపు కట్టవచ్చు. మరి నిజమైన గుంపు ఏది, చేతివాటాన పడిన గుంపు ఏది?

దీనికి మార్టిన్ కుల్‌డార్ఫ్ అనే గణాంక శాస్త్రవేత్త 1990ల్లో ఒక ఉపాయం చెప్పాడు. దానిని ఇప్పుడు అనేక దేశాల ఆరోగ్య శాఖలు వాడుతున్నాయి. పటం మీద చిన్నదీ పెద్దదీ అయిన గిరులను ప్రతి ఊరి మీదా పెట్టి, లోపల వేయికి ఎందరు, బయట వేయికి ఎందరు అని కంప్యూటరు చూస్తుంది. బాగా తేడా ఉన్న గిరిని పట్టుకుంటుంది. తరువాత అదే సంఖ్యలో రోగులను, ఊళ్ల జనాభాను బట్టి, గుడ్డిగా విత్తనం చల్లినట్టు వెయ్యి సార్లు పటం మీద చల్లి చూస్తుంది. ఆ వెయ్యి చల్లుళ్లలో అంతటి గుంపు ఏ రెండు మూడు సార్లో తప్ప రాకపోతే, అది చేతివాటం కాదని, అక్కడ ఏదో కారణం ఉన్నదని అనుకోవాలి. అప్పుడు మనుషులు వెళ్లి నీరు, గాలి, తిండి, పని అన్నీ విచారించాలి. యంత్రం చేసే పని అంతవరకే.

గాలి ఎటు వీస్తే అటు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడింది. 12 మంది చనిపోయారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలో ఉన్నవారు లేచి పరుగెత్తి దారిలో పడిపోయిన దృశ్యాలు జిల్లావాసులు మరువలేదు.

స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు. నేలను పట్టుకుని, గాలి ఎటు తోస్తే అటు, పల్లం ఎటు ఉంటే అటు పోతుంది. కర్మాగారానికి ఒకే దూరంలో ఉన్న రెండు వీధుల్లో ఒకటి దెబ్బతిని, ఒకటి తప్పించుకోవడం ఇటువంటి ప్రమాదాల్లో జరుగుతుంది. పటం మీద గుండ్రంగా గిరి గీసి 'ఇన్ని కిలోమీటర్ల లోపలివారు' అనడం ఆ రాత్రి జనాన్ని ఖాళీ చేయించడానికి పనికివస్తుంది. ఏళ్ల తరువాత ఎవరి ఆరోగ్యం ఎలా ఉన్నదో చూడటానికి మాత్రం ఆ గిరి చాలదు. ఆ వేళ గాలి ఎటు ఉన్నది, ఎవరు ఏ ఇంట్లో పడుకున్నారు, ఎంతసేపు ఆ ఆవిరి పీల్చారు అనేది ఇంటి వారీగా రాసి ఉండాలి. చుట్టపుచూపుగా వచ్చి ఆ రాత్రి అక్కడ ఉన్నవారి పేర్లు కూడా అందులో ఉండాలి. లేనిచో వారి ఖాతా మరో ఊరికి పోతుంది.

విశాఖ గాలికి మామూలు రోజుల్లో కూడా కష్టమే. ఉత్తరాన సింహాచలం, కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ. నడుమ గిన్నె వంటి పల్లం. ఆ గిన్నెలోనే రేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఇతర పరిశ్రమలు, పాత నగరం. పగలు సముద్రం గాలి, రాత్రి నేల గాలి. వచ్చిన పొగ సులభంగా బయటకు పోదు. రేవులో దిగే బొగ్గు, ఇనుప ఖనిజాల దుమ్ము గురించి పాత నగరం, జ్ఞానాపురం, మల్కాపురం వైపు ప్రజలు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్యం. విశాఖకు 70.82 వచ్చాయి.

గాలిని కొలిచే యంత్రాలు మాత్రం కొన్ని చోట్లే ఉంటాయి. రెండు యంత్రాల నడుమ ఉన్న వీధి గాలి ఎలా ఉన్నదో లెక్క కట్టవలసిందే. మండల కార్యాలయంలోని వానమాపకం నాలుగు సెంటీమీటర్లు చూపినా, రెండు మైళ్ల అవతల మన చేను ఎండిపోవడం ప్రతి రైతుకూ అనుభవమే. గాలి లెక్క కూడా అంతే. దగ్గరలోని యంత్రం మాటకు ఎక్కువ విలువ, దూరపు దానికి తక్కువ విలువ ఇచ్చి అంచనా కడతారు. యంత్రాలు ఎన్ని ఎక్కువ ఉంటే ఆ అంచనా అంత నిజం.

ఎక్కడ అన్నది వేరు, ఎందుకు అన్నది వేరు

పటానికి ఉన్న హద్దు ఏమిటో ఉద్దానం చూపిస్తున్నది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనంలోనే మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో 2,402 మంది పెద్దలను పరీక్షిస్తే నూటికి 21 మందికి దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బు ఉన్నట్టు తేలింది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను, మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీలలోను ఇటువంటి జబ్బే ఉన్నది.

ఎక్కడ ఉన్నదో తెలిసింది. ఎందుకు వచ్చిందో ఇంకా తేలలేదు. నీటిలోని ఖనిజాలా, ఎండలో చెమటోడ్చే పనా, పురుగుమందులా, వంశంలోనిదా, ఇవన్నీ కలిసా అనే వాదం నడుస్తూనే ఉన్నది. అయినా ఎక్కడ అన్నది తెలిసినందుకు ఫలితం లేకపోలేదు. ఒకప్పుడు రక్తశుద్ధి కోసం విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి దాకా రావలసిన ఆ ప్రాంతానికి 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అదే రోజు 700 కోట్ల రూపాయల నదీజలాల పథకం కూడా ప్రారంభమయింది.

మనకు దక్షిణాన కూడా ఇటువంటి పాఠమే ఉన్నది. ఆనాటి నెల్లూరు జిల్లాలో, నేటి ప్రకాశం వైపు మెట్ట ఊళ్లలో, నడుములు వంగి కీళ్లు బిగుసుకుపోయే జబ్బు బావినీటిలోని ఫ్లోరైడు వల్ల వస్తున్నదని 1937లోనే డాక్టర్లు రాశారు. అక్కడ ఎందుకు అన్నది తేలింది. కారణం తేలిన చోట నీరు మారిస్తే చాలు.

ఊరి పేరు చెడుతుందా?

మా ఊరిని పటం మీద ఎర్రగా వేస్తే పిల్లనెవరు ఇస్తారు అని పెద్దలు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. ఉద్దానం ఊళ్లకు సంబంధాలు రావడం లేదన్న బాధ అక్కడివారు చెబుతూనే ఉన్నారు. రొయ్యలు, కొబ్బరి, కూరలు కొనేవారు కూడా ముఖం తిప్పుకుంటారేమో అనిపిస్తుంది. అందుకే రోగి ఇంటిని, పేరును బయట పెట్టకుండా, ఊరి మొత్తం లెక్కను మాత్రమే పటానికి ఎక్కించాలి. ఊరి లెక్క ఊరివారికే ముందు చెప్పాలి. అంతే తప్ప, దాచిపెడితే రోగం పోదు. దాచినంతకాలం మంచినీళ్లూ రావు, డాక్టరూ రాడు.

హద్దులు మారడం కూడా ఒక ఇబ్బంది. 2011 జనాభా లెక్కల నాటికి విశాఖపట్నం జిల్లాలో 42,90,589 మంది ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. పాత లెక్కను కొత్త జిల్లా లెక్కతో నేరుగా పోల్చరాదు. జిల్లా మారినా, మండలం మారినా, మారనిది ఊరు ఒక్కటే. కనుక లెక్క ఊరి పేరు మీదే నిలబడాలి. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి కాలనీలకు వచ్చినవారి విషయంలో ఊరు కూడా కదిలిపోయింది. కేన్సరు వంటి రోగాలు ఇరవై, ముప్పై ఏళ్ల నాటి కారణాల వల్ల వస్తాయి. వారిని ఇప్పుడు ఎక్కడ ఉన్నారని మాత్రమే అడిగితే చాలదు, అప్పుడు ఎక్కడ ఉన్నారని కూడా అడగాలి.

మూడు చీటీలు

మేనత్త సంగతి చెప్పి ముగించాలి. ఆమెది రాంబిల్లి వైపు సముద్రపు ఒడ్డు. అరవై దాటాక "అంగిట్లో మంట నాయినా, కారం తినలేకపోతన్నాను" అన్నది. కొడుకు గాజువాకలో కాంట్రాక్టు పని చేస్తాడు. అతని ఇంట్లో దింపి, అక్కడి నుంచి నగరంలోని ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాము. చీటీ మీద కొడుకు ఇంటి చిరునామా పడింది. ఏడాదిన్నర ఆమె తిరిగిన అన్ని కాగితాల మీద ఆమె గాజువాక మనిషి. ఊళ్లోనే కన్నుమూసింది. ఊరి పుస్తకంలో ముసలితనం వల్ల అని రాశారు.

ఆ తరువాత మూడేళ్లలో అదే వీధిలో మరో ఇద్దరు ఆడవాళ్లకు అంగిలి మీదే పుండు వచ్చింది. ఈ విలేఖరి ముగ్గురి కాగితాలూ ఒక చోట పెట్టి చూశాడు. ఒకామె గాజువాక. ఒకామె కూతురు ఊరైన యలమంచిలి. ఇంకొకామెకు ఊరి పేరే లేదు, 'విశాఖ రూరల్' అని ఉన్నది. ముగ్గురూ ఒకే రావిచెట్టు కింద కూర్చుని చుట్ట కాల్చినవారు. కాగితం మీద మూడు ఊళ్లవారు. ఈ కాగితాలతో ఎంత గొప్ప కంప్యూటరు పటం గీసినా ఆ వీధి మీద ఒక్క చుక్క కూడా పడదు.

ముగ్గురిని బట్టి ఊరికి తీర్పు చెప్పరాదని పైన రాసినదే. కాని ముగ్గురూ లెక్కలో లేకపోతే నాలుగో మనిషిని వెతకడానికి ఎవరూ రారు.

అందుచేత ఖర్చు లేని పనులు కొన్ని చేయవచ్చు. ఆసుపత్రిలో చీటీ రాయించేటప్పుడు తాను నివసించే ఊరు, గూడెం, మండలం పేర్లు చెప్పి రాయించుకోవాలి. చుట్టాల ఇంటి చిరునామా ఉత్తరాలకు మాత్రమే ఇవ్వాలి. ఎన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నదీ, ఏ పని చేసినదీ డాక్టరుకు చెప్పాలి. ఇంట్లో చావు జరిగితే 21 రోజుల లోపల నమోదు చేయించి, డాక్టరు చెప్పిన రోగం పేరునే కారణంగా రాయించాలి. ఆశా కార్యకర్త లెక్క రాయడానికి వస్తే విసుక్కోకుండా ఇంటిల్లిపాది వివరం చెప్పాలి. గ్రామసభలో ఏడాదికి ఒకసారి ఆ ఊరి జ్వరాలు, చావులు వేయికి ఎన్నో చదివి వినిపించమని అడగాలి. అడిగే హక్కు మనకు ఉన్నది. ఊరి పేరు తప్పనిసరిగా రాయాలని, రాసినది రోగికి ఒకసారి చదివి వినిపించాలని ఆసుపత్రుల గుమాస్తాలకు అధికారులు ఆదేశాలివ్వాలని తీర గ్రామాలవారు కోరుతున్నారు.

మొన్న ఆ ఇద్దరిలో ఒకామెకు తోడుగా ఈ విలేఖరి మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు. గుమాస్తా ఊరు అడిగితే ఆమె అలవాటుగా "యలమంచిలి బాబూ" అన్నది. "కాదు పిన్నీ, మనూరు చెప్పు" అంటే, కాస్త ఆగి, ఊరి పేరు చెప్పింది. గుమాస్తా పాత అక్షరాలు కొట్టివేసి కొత్తగా రాశాడు. వెనుక వరుసలో ఎవరో తొందరపెడుతున్నారు. దానికి పట్టిన సమయం అర నిమిషం.